వ్రాత యెట్లు వచ్చును?

దీపము పెట్టిన పిమ్మట చాపమీద పుస్తకములు పరచుకొని కూర్చున్న పిల్లను మీ రెల్లరును ఎఱుగుదురు. ‘వర్షకాలము’ను గూర్చి వ్యాసము వ్రాసి తెమ్మని పంతులుగారు చెప్పినారు. పిల్ల కలము కొన కొఱుకుచు కొంతసేపు ఇంటికప్పు వంక చూచి, తుదకు గైడుపుస్తకము తెఱచి, అందలి పది వాక్యములను తన పుస్తకములోనికి ఎక్కించుకొనును. ఆ సమయముననే బయట చూరునుండి వాన ధారగా కారుచుండును. పెరటిలో తడియుచున్న పిడకలను తల్లి లోనికి చేరవేయుచుండును. వ్యాసములో మాత్రము చూరును లేదు, పిడకలును లేవు, తల్లియు లేదు. అందున్నది ప్రకృతికాంతయు, ఆమె పచ్చని చీరయు మాత్రమే!

అట్టి వ్యాసమునకు మార్కులు వచ్చును గాని వ్రాత రాదు. వ్రాత యెట్లు వచ్చునను విషయమున మన తూర్పు కనుమల కొండలు చెప్పిన పాఠ మొకటి కలదు. దానిని ఈ మాసము మా పాఠకురాండ్ర ముందుంచుచున్నాము.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, వంశధార తీరమున ముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. మెట్రిక్యులేషను ముగించి, 1880లో నెలకు 30 రూపాయల జీతముమీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. ఆ యూరికి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. వారికి చదువు చెప్పవలెనని పంతులుగారికి కోరిక పుట్టెను. కాని ఏ భాషలో చెప్పుట? సవరభాష తెలుగునకు చుట్టము గాదు. అది ముండా కుటుంబమునకు చెందినది. అందుచేత పంతులుగారు తెలుగును సవరమును గూడ తెలిసిన మనిషి నొకని తమ యింటనే యుంచుకొని, ఒక్కొక్క మాటయే విని నేర్చుకొనిరి. ఆ యింటి యిల్లాలి ఓర్పును మేము వేఱుగా చెప్పనక్కఱలేదు, మీరే ఊహించుకొనగలరు. కొండలలో తిరుగగా వారికి మలేరియా పట్టినది. దానికి మ్రింగిన క్వయినా వలన చెవుడు సంప్రాప్తించినది. అయినను పని విడువలేదు. సవరభాషలో వాచకములు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చుపడినవి. 1940 జనవరి 22వ తేదీన వారు కీర్తిశేషులైరి.

ఇందులో వ్యాసరచన ప్రసక్తి యెక్కడ నున్నదని మీరడుగవచ్చును. అదే చెప్పుచున్నాము. శిష్యుని నోట నున్న భాషను మొదట గురువు చెవియొగ్గి వినవలెనని పంతులుగారు సవరలయొద్ద నేర్చుకొనిరి. కొండమీద నేర్చిన యా పాఠమునే పిమ్మట తెలుగు పిల్లల విషయమునను గట్టిగా చెప్పిరి.

1907 ప్రాంతమున ఉత్తర సర్కారుల పాఠశాలల తనిఖీ అధికారియైన యేట్సు దొరగారు, మన బడులలో పిల్లలచేత తెలుగును వల్లె వేయించుటయే గాని, తమ మాటలలో తాము చెప్పుకొనునట్లు చేయుట లేదని గమనించిరి. విశాఖపట్టణమున ఏ.వీ.ఎన్. కళాశాలకు ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారును, గిడుగువారును, వారి బాల్యసహాధ్యాయులగు గురజాడ అప్పారావుగారును ఈ విషయమున చేయి కలిపిరి. వ్యాసరచన వాడుకభాషలో వ్రాయవచ్చునా, గ్రాంథికముననే వ్రాయవలెనా యని దేశమంతట పెద్ద వాదము చెలరేగెను. 1911లో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికపక్షమున నిలిచెను. జయంతి రామయ్య పంతులుగారు ఆ పక్షమునకు నాయకులు. మద్రాసు విశ్వవిద్యాలయమువారు తెలుగు వ్యాసరచనను గూర్చి ఏర్పఱచిన ఉపసంఘములో అధిక సంఖ్యాకులు గ్రాంథికమునే కోరగా, అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిని దీర్ఘపత్రముగా వ్రాసి సమర్పించిరి. మఱుసటి యేడు నవంబరులోనే ఆయన కన్నుమూసిరి. ఆనాడు ఓడిన పక్షమే కొన్ని దశాబ్దములకు గెలిచినది. నేడు కళాశాలలలో విద్యార్థులు వాడుకభాషలోనే వ్రాయుచున్నారు.

వాదములోని పాండిత్యమును ప్రక్కనుంచి, అందలి గృహసూక్ష్మమును మాత్రము చూతము. పిల్ల మనస్సులో ‘అక్క వచ్చింది’ అనుకొనును. దానిని ‘అక్క వచ్చెను’ అని మార్చుకొను తొందరలో, అక్క యేల వచ్చినదో, వచ్చి యేమి చెప్పినదో మఱచిపోవును. బుద్ధి యంతయు క్రియాపదముల తోకలమీదనే ఖర్చగును. మేమును గ్రాంథికముననే ఈ మాటలు వ్రాయుచున్నామే యని మీరు నవ్వవచ్చును. నిజమే, చేతికి చిన్ననాట పడిన అలవాటు సులభముగా పోదు. ఆ పడిన పాట్లు మాకు తెలియుటచేతనే మన పిల్లల కవి వలదని చెప్పుచున్నాము.

అయితే వాడుకభాష గెలిచినంతమాత్రమున అందఱు పిల్లల కష్టమును తీరలేదు. పర్లాకిమిడి దాటి ఆ కనుమల వెంబడియే నైరృతి దిక్కుగా వచ్చినచో అరకులోయ చేరుదుము. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని దిది. విశాఖపట్టణమునుండి రైలు సొరంగములు దాటుకొనుచు కొండ యెక్కును. చలికాలమున వలిసెపూలతో పొలములన్నియు పసుపుపచ్చగా నుండును. వెండిఓకు చెట్ల నీడన కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపుతీగెలు కానవచ్చును. చూడబోయిన వారికి ఇదియంతయు కన్నులపండుగ. కాని అచ్చట పుట్టిన బాలిక కలము పట్టినపుడు ఆమెకు కలుగు చిక్కు వేఱు. అచ్చట కొండదొరలు, సామంతులు, కోటియలు, గదబలు, పోర్జలు, వాల్మీకులు మున్నగు పలు తెగలవారు నివసింతురు. ఒక యూర కువి మాటలాడుదురు. మఱియొక యూర ఆదివాసీ ఒడియా. ఆ పిల్లకు మనము ‘వాడుక’యనుకొను తెలుగే బడిలో నేర్చుకొనవలసిన భాష.

అరకులోయలోను పాడేరులోను ప్రభుత్వ కళాశాలలు కలవు. అట్టి కళాశాలలో చేరిన యొక బాలికను, ఆమెకు దొరకిన యొక మంచి ఉపాధ్యాయురాలిని మనస్సున ఊహించుకొందము. పిల్ల యింట మాటలాడునది ఆదివాసీ ఒడియా. మొదటి వారము ‘మా ఊరు’ అను వ్యాసము వ్రాసి తెచ్చినది. ‘మా గ్రామము ప్రకృతి సౌందర్యమునకు నిలయము. గలగల పారు సెలయేళ్ళు మనసును రంజింపజేయును’ అని మొదలైనది. అందు తప్పులు లేవు, ఊరును లేదు. ఉపాధ్యాయురాలు ఎఱ్ఱసిరాతో కొట్టివేయక, అంచున మూడు ప్రశ్నలు మాత్రము వ్రాసినది: ‘సెలయేరు మీ ఇంటికి ఎంత దూరం? నీళ్ళు ఎవరు తెస్తారు? ఏ నెలలో ఎండిపోతుంది?’

మఱుసటి వారము పిల్ల ఇట్లు వ్రాసినది: ‘మా ఊళ్ళో ఇరవై రెండు ఇళ్ళు. ఊట గెడ్డ కింద ఉంది. వానాకాలం నీళ్ళు ఎర్రగా వస్తాయి. అమ్మ పాతగుడ్డతో వడకడుతుంది. ఎండాకాలం ఊటలో చెంబు మునగదు. చేత్తో తోడాలి. చెల్లి కుండ పట్టుకుని నిలబడుతుంది. మా నాన్న సంతకు వెళ్ళింది.’

కడపటి వాక్యము చదువగానే తరగతిలో నవ్వు పుట్టినది. ‘నాన్న వెళ్ళింది’ట! పిల్ల ముఖము చిన్నవోయినది. ఇట్టి ఘడియలోనే వ్రాయగల పిల్లలు పలువురు కలము దించివేయుదురు. కాని మన ఉపాధ్యాయురాలు నవ్వలేదు. ఒడియాలో ‘వెళ్ళాడు’ ‘వెళ్ళింది’ అను భేదము లేదు. తండ్రికైనను తల్లికైనను క్రియ ఒక్కటే. పిల్ల చేసినది తెలివితక్కువ పని గాదు. తన యింటి భాషలోని న్యాయమును తెలుగునకు పట్టించినది. ఈ సంగతి తరగతికి వివరించి, ‘ఆ భాషలో మీరు ఒక్క వాక్యము చెప్పుడు, వినెదము’ అని నవ్వినవారి నడిగినది. ఎవరును చెప్పలేకపోయిరి. పిల్ల ఆ వాక్యమును తానే దిద్దుకొనినది. సవరభాషను చెవియొగ్గి విన్న గిడుగువారి మార్గ మిదియే. గ్రాంథికము తప్ప మఱియొకటి కూడదన్న పండితుల వ్రాతలలోనే గ్రాంథికపు తప్పు లెన్ని దొరలుచున్నవో ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజము’న ఎత్తి చూపినవారు ఆయనయే గదా! పెద్దలకే పట్టుబడని భాషలో పసివారు తడబడినపుడు నవ్వుట యేమి న్యాయము?

ఇక ఆ సంవత్సరమంతయు పని యిట్లు సాగును. ఒక్కొక్క వ్యాసమును రెండుమాఱులు, మూడుమాఱులు వ్రాయించును. ఒక తడవకు ఒక్క దోషమునే పట్టించును; తప్పులన్నియు ఒక్కసారి ఎఱ్ఱగా చేసినచో పిల్ల కాగితమును చూచుటకే భయపడును. వ్రాసినదానిని బిగ్గఱగా చదివించును. కంటికి దొరకని లోపము చెవికి దొరకును. అందమైన విశేషణమును తీసివేసి, దానికి బదులు కన్నదానిని ఒకటి పెట్టుమనును. తెలుగులో సరియైన మాట దొరకనపుడు తన యింటి మాటనే ఉంచి, దాని యర్థము ప్రక్కన చెప్పుమనును. ఏది ముందు చెప్పవలెను, ఏది వెనుక చెప్పవలెనని అడుగును. ఇంతకంటె రహస్యమేమియు లేదు.

సంవత్సరాంతమున పిల్లకు వేఱొక పరీక్ష వచ్చును. అది కళాశాల పెట్టినది కాదు. ఆ కొండలలో దారిలేని గూడెములనుండి నేటికిని రోగులను, నిండు గర్భిణులను డోలీలో మోసి తీసికొనివత్తురు. ఊరివారు దారికొఱకు అర్జీ పెట్టుకొనవలెనని తలచి, చదువుకొన్న పిల్ల యని ఆమె నడిగిరి. మొదటి యేడు వ్రాసియున్నచో ‘మా గ్రామమునకు సదుపాయములు కల్పింప ప్రార్థన’ అని ముగించియుండును. అట్టి అర్జీలు కచేరీలలో కట్టలు కట్టలుగా నుండును. ఇపుడిట్లు వ్రాసినది: ‘రాత్రి మా వదినకు నొప్పులు మొదలయ్యాయి. ఊరికి బండిదారి లేదు. నలుగురు డోలీ కట్టి మోశారు. గెడ్డలో నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. తారురోడ్డు చేరేసరికి తెల్లవారింది. ఆ గెడ్డ మీద వంతెన, అక్కడి నుంచి ఊరి దాకా దారి కావాలి.’ తేదీయు, మోసినవారి పేర్లును క్రింద చేర్చినది. దారి పడునో పడదో మేము చెప్పజాలము. కాని ఆ కాగితము చదివిన అధికారి ‘ఏ ఊరు, ఏమి కావలెను’ అని మరల అడుగనక్కఱలేదు. వ్రాత వచ్చుట యనగా ఇదియే.

ఈ బాలిక మా యూహలోనిదే యైనను, ఆమె నడచిన మార్గము నిజమైనది. ఆంధ్రప్రదేశమున 2004 ప్రాంతమునుండి సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా మున్నగు 8 గిరిజనభాషలలో చిన్నతరగతుల వాచకములు తయారు చేయించిరి. నూఱేండ్లకు పూర్వము ఒక ఉపాధ్యాయుడు సొంత జీతముతో చేసిన ప్రయత్నమే అది. అట్టి ప్రయత్నము పుస్తకములతో నిలిచిపోక కళాశాలలోని వ్యాసరచన తరగతి వఱకు సాగవలెను.

మన యిండ్లలో చేయదగిన దేమి? కళాశాల లేనిచో వ్రాత రాదని యెంచకుడు. భండారు అచ్చమాంబగారు (1874–1905) ఏ కళాశాలయందును చదువలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి చదువుతోపాటు ఇంటనే నేర్చి, ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ రచించిరి. మీ పిల్ల వ్యాసము వ్రాయ కూర్చున్నపుడు గైడుపుస్తకమును అటక మీద పెట్టుడు. ‘నీవేమి చూచితివి? మొదట నేమి జరిగినది? ఎవరేమనిరి?’ అని అడుగుడు. మీరు పప్పు కడుగుచుండగనే ఆమెను చదువుమనుడు; అర్థముకాని చోట ‘మరల చెప్పు’ అనుడు. మీకు వ్యాకరణము రాకపోయినను లోపము లేదు. అబద్ధపు వాక్యమును తల్లి చెవి యిట్టే పట్టును. ఇంటిమాట వ్రాసినదని మాత్రము నవ్వకుడు. మీ బడిలో కొండపిల్ల చదువుచున్నచో, ఆమె మాటను విని నవ్వవద్దని మీ పిల్లలకును చెప్పుడు.

ఈ మాసము వానలు పడినపుడు ఒక్కసారి పరీక్షించి చూడుడు. చూరును, పిడకలును, వానిని చేరవేయుచున్న తల్లియు వ్యాసములోనికి వచ్చినచో, మీ పిల్లకు వ్రాత మొదలైనదని సంతోషింపుడు.