ముసురు రోజులలో వాతావరణ సూచనను అర్థం చేసుకొనే విధానం

కోస్తా జిల్లాలలో సార్వా వరి కోతకు వచ్చే సమయమూ, బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఏర్పడే సమయమూ ఒకటే. ఆకాశం మూసుకొని, చలిగాలి వీస్తూ, రెండు మూడు రోజులు ముసురు పట్టినదంటే కోసిన పనలు ఆరవు. గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. మద్దతు ధరకు అమ్మదలచిన ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదు. కనుక కోతలో ఒక్కరోజు తొందరపాటు మీరు బ్యాంకుకు చెల్లించవలసిన వాయిదాను, ఎరువుల డీలరుకు రావలసిన బాకీని కూడా దెబ్బతీయగలదు.

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అది తుఫానుగా మారకముందే, వాయుగుండంగా ఉన్న దశలోనే హెచ్చరికలు వెలువడినాయి. అయితే సూచన అందడం ఒక ఎత్తు, దానిని మన చేనికి అన్వయించుకొనడం మరొక ఎత్తు.

మాటల వెనుక లెక్క

భారత వాతావరణ శాఖ వాడే ప్రతి మాటకు నిర్దిష్టమైన కొలత ఉన్నది. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో 25 శాతం లేక అంతకన్న తక్కువ చోట్ల వర్షం పడవచ్చునని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుండి 50 శాతం. ‘చాలా చోట్ల’ అంటే 51 నుండి 75 శాతం. అంతకు మించితే ‘దాదాపు అన్ని చోట్ల’. అందువలన ‘ఒకటి రెండు చోట్ల వర్షం’ అని చెప్పిన రోజున మీ ఊరిలో చినుకు పడకపోతే ఆ సూచన తప్పినట్లు కాదు.

ఇక పరిమాణం. ఒక రోజులో 2.5 నుండి 15.5 మిల్లీమీటర్లు కురిస్తే తేలికపాటి వర్షం, 15.6 నుండి 64.4 వరకు మోస్తరు, 64.5 నుండి 115.5 వరకు భారీ వర్షం. ‘ఎన్ని చోట్ల’, ‘ఎంత’ అనే రెండింటినీ కలిపి చూసినప్పుడే నిర్ణయానికి ఆధారం దొరుకుతుంది.

మరొక విషయం. అల్పపీడనం దారి కొంచెం మారినా వర్షం పడే జిల్లాలు మారిపోతాయి. కనుక రేపటి సూచనను నమ్మినంతగా ఐదవ రోజు సూచనను నమ్మరాదు. ముసురు కాలంలో ప్రతిరోజూ కొత్త సూచనను తెలుసుకొనండి. వ్యవసాయ వాతావరణ సలహాలు మంగళ, శుక్రవారాలలో వెలువడుతాయి; ‘మేఘదూత్’ యాప్‌లో తెలుగులోనూ లభిస్తాయి.

ఆచరణలో

రెండు రోజులలో చాలా చోట్ల మోస్తరు వర్షమని చెప్పినప్పుడు కోత వాయిదా వేయండి. పనల మీద ఉన్న పంట కన్న నిలబడి ఉన్న పంటకు సాధారణంగా నష్టం తక్కువ. ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులే అయితే, ఆ రోజు కుప్ప వేసి పట్టాలు కప్పగలిగినంత మేరకే కోయించండి. పనలు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేసినచో మొలకెత్తడం కొంతవరకు తగ్గుతుంది.

డీలరు సోదరులు కూడా మబ్బు పట్టిన రోజున పురుగుమందు అమ్మేముందు ఆనాటి సూచనను రైతుకు తెలియజేయడం మంచిది. చల్లిన మందు వానకు కొట్టుకొనిపోతే ఆ ఖర్చు రైతు అప్పులోనే చేరుతుంది.

పంటల బీమా

ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో కోత అనంతర నష్టానికి రక్షణ ప్రకటించిన చోట, కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు అది వర్తిస్తుంది. నష్టం జరిగిన 72 గంటలలోగా తెలియజేయవలెను. మీ పంటకు, మీ గ్రామానికి ఈ రక్షణ ఉన్నదో లేదో కోతకు ముందే బ్యాంకు శాఖలో విచారించుకొనండి.

వానను ఆపడం మన చేతిలో లేదు; కొడవలి ఏ రోజున పట్టాలో నిర్ణయించుకొనడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.