విమ్‌లో చిక్కుకుంటే తప్పెవరిది? మాన్యువల్ దిద్దుబాట్లపై అపోహలు – వాస్తవాలు

విమ్ ఎడిటర్ నుంచి బయటికి రావడం ఎలా? స్టాక్ ఓవర్‌ఫ్లోలోని ఈ ప్రశ్నను పది లక్షలసార్లకు పైగా చూశారని ఆ సంస్థే 2017లో ప్రకటించింది. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన ఈ ఎడిటర్‌మీద ప్రోగ్రామర్లు వేసుకునే జోకుల్లో సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. తప్పంతా చదవనివాళ్లదేనని తీర్పు కూడా ఎప్పుడో వచ్చేసింది.

అపోహ: మాన్యువల్‌లో అన్నీ ఉన్నాయి, చదివే ఓపికే ఎవరికీ లేదు.

ఉన్నమాట నిజమే. విమ్‌ను ఊరికే తెరిస్తే, బయటికి రావడానికి కోలన్, క్యూ కొట్టి ఎంటర్ నొక్కాలని తెర మధ్యలోనే కనిపిస్తుంది. కానీ ఏదైనా ఫైలు పేరిచ్చి తెరిస్తే ఆ తెర రాదు. గిట్‌లో కమిట్ చేయబోతే సందేశం రాయడానికి విమ్ దానంతటదే తెరుచుకోవడంతో అందులో ఇరుక్కుపోయిన కొత్తవాళ్లు ఆ వాక్యాన్ని చూసే అవకాశమే లేదు. వాళ్లను సోమరులనడం అన్యాయం.

ఇరుక్కున్నవాళ్లు కంగారులో నొక్కేది కంట్రోల్-సీ. అప్పుడు కింది వరసలో విమ్ ఒక సూచన చూపిస్తుంది. పాత వెర్షన్లలో అది 'క్విట్' ఆజ్ఞ కొట్టమనేది. ఆ ఆజ్ఞ మూసేది ఒక్క విండోనే. తెర రెండుగా చీలి ఉంటే, చెప్పింది చెప్పినట్టు చేసినా మనిషి లోపలే ఉండిపోతాడు. తర్వాతి వెర్షన్లలో ఆ చోట అన్ని విండోలనూ మూసే 'క్యూఏ' వచ్చింది. కోణపు బ్రాకెట్లలో ఒంటరిగా ఉన్న ఎంటర్‌కు 'నొక్కండి' తోడైంది. బ్రాకెట్లతో సహా టైపు చేయాలేమోనన్న అనుమానం దాంతో తీరింది. సేవ్ కాని మార్పులుంటే ఆశ్చర్యార్థకం కలిపి కొట్టాలని, అలా చేస్తే మార్పులన్నీ పోతాయని కూడా ఇప్పుడది ముందే చెబుతుంది. మారింది ఒక్క లైను.

అపోహ: చిన్న దిద్దుబాటంటే అచ్చుతప్పులు ఏరడం. ఇంగ్లిష్ వస్తే చాలు.

'డబ్ల్యూక్యూ', 'ఎక్స్' ఆజ్ఞలు రెండూ ఫైలును సేవ్ చేసి మూస్తాయని ఎవరో రాశారనుకుందాం. వ్యాకరణానికి వంక పెట్టలేం. అయితే డబ్ల్యూక్యూ ఏ మార్పూ లేకపోయినా ఫైలును మళ్లీ రాస్తుంది, ఎక్స్ మార్పులుంటేనే రాస్తుంది. దానికేం, అనిపించవచ్చు. మళ్లీ రాసినప్పుడల్లా ఫైలు మార్పు సమయం కొత్తదవుతుంది. 'మేక్' లాంటి ప్రోగ్రాం ఏది తిరిగి కంపైల్ చేయాలో తేల్చుకునేది ఆ సమయాన్ని చూసే. ఓసారి తెరిచి చూసి మూసిన పాపానికి, ఆ ఫైలుమీద ఆధారపడినవన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. విమ్ సహాయ ఫైలులో 'మార్పులుంటేనే' అన్న షరతు ఉంది కాబట్టి సరిపోయింది. పొదుపు పేరుతో ఎవరైనా దాన్ని కొట్టేస్తే మిగిలేది శుభ్రమైన అబద్ధం. దిద్దేవాళ్లు నిఘంటువుకన్నా ముందు ఎడిటర్ తెరిచి, ఆజ్ఞ కొట్టి చూడాలి.

అలాగని వివరణ పెంచుకుంటూ పోనక్కర్లేదు. సేవ్ చేయకుండా మూయబోతే వచ్చే 37వ నంబరు ఎర్రర్ ఏం జరిగిందో, కాదని మూయాలంటే ఏ గుర్తు జోడించాలో ఒకే లైనులో చెబుతుంది.

అపోహ: కోడ్ రాసేవాళ్ల దగ్గర ఇలాంటి పనికి విలువ లేదు, పైగా బోలెడు కాగితాలు అడుగుతారు.

1985 నుంచి జనంలో ఉన్న గ్నూ ఈమాక్స్ అనే మరో ఎడిటర్ నియమాలు వేరేలా ఉన్నాయి. విడుదల దగ్గరపడి కొత్త సౌకర్యాలకు తలుపులు మూసేశాక కూడా డాక్యుమెంటేషన్ దిద్దుబాట్లను తీసుకుంటారు. వాటిని ఎప్పుడైనా సురక్షితమైనవిగానే లెక్కిస్తారు. కాపీరైట్ హక్కులను ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు బదిలీ చేసే పత్రం మాట నిజమే గానీ, సుమారు 15 లైన్లలోపు మార్పులకు అది అక్కర్లేదు. ఒకే మనిషి పంపే చిన్నచిన్నవన్నీ ఆ లెక్కలో కలుస్తాయి, అది మాత్రం గుర్తుంచుకోవాలి.

అపోహ: వాక్యం మారిస్తే ఏదీ పాడవదు.

ఇది చాలామంది అనుభవజ్ఞులు కూడా నమ్మే మాట. ఈమాక్స్‌లో ప్రతి ఫంక్షన్ వివరణా కోడ్‌లోనే ఉంటుంది. ఏదైనా పదంతో వెతికితే వచ్చే 'ఎప్రోపో' జాబితాలో ఆ వివరణ మొదటి లైను ఒక్కటే కనిపిస్తుంది. బాగుచేస్తున్నామనుకుని మొదటి వాక్యాన్ని రెండో లైనుకు పొడిగిస్తే, జాబితాలో సగం మాటే మిగులుతుంది. విమ్ సహాయ ఫైళ్లలో రెండు నక్షత్రపు గుర్తుల మధ్య ఉన్న పదం లంకెలకు గమ్యం. దాని స్పెల్లింగు ముట్టుకుంటే, మిగతా పేజీల్లోంచి అక్కడికి వచ్చే దారులన్నీ తెగుతాయి.

విమ్ చూపే సందేశాల సంగతి ఇంకా సున్నితం. వేరే భాషల్లోకి చేసిన అనువాదాన్ని ప్రోగ్రాం వెతికేది మూల ఇంగ్లిష్ వాక్యం ఆధారంగానే. అందులో ఒక కామా మారినా జత కుదరదు. అనువాదకులు తమ ఫైలును సరిచేసేదాకా, జర్మన్‌లోనో జపనీస్‌లోనో విమ్ వాడేవాళ్లకు ఆ ఒక్క సందేశం ఇంగ్లిష్‌లోనే కనిపిస్తుంది.