పంపు మార్చాక పెట్రోలు ముల్లు లేవడం లేదా?

చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి పాత వ్యానులో టమాటా, ఆకుకూరలు వేసుకుని కూకట్‌పల్లి, మెహిదీపట్నం రైతుబజార్లకు, హైటెక్ సిటీ అపార్ట్‌మెంట్లకు వెళ్లే రైతులకు తెల్లవారుజామే అసలు బేరం. దారిలో పెట్రోలు అయిపోతే ఆ పూట బేరం పోయినట్టే. ఎండెక్కితే ఆకుకూర వాడిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి ఆగితే ప్రాణానికే ముప్పు. అందుకే పెట్రోలు ముల్లు పాడైతే చిన్న విషయమని వదిలేయకూడదు.

పెట్రోలు పంపు కొత్తది వేయించాక ముల్లు పనిచేయకపోవడం తరచూ జరిగేదే. "డ్యాష్‌బోర్డులో మీటరు పోయింది, మార్చాలి" అని ఎవరైనా అంటే తొందరపడి డబ్బు పెట్టకండి. పంపు మార్చిన రోజు నుంచే ముల్లు ఆగిందంటే, లోపం మీటరులో కంటే ట్యాంకు దగ్గర ఉండే అవకాశమే ఎక్కువ.

ముల్లు ఎలా కదులుతుంది?

ఎం.పి.ఎఫ్.ఐ. పెట్రోలు బండ్లలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. చాలా బండ్లలో దానితోపాటే ఒక సన్నని కమ్మీ, కమ్మీ చివర తేలే బెండు ఉంటాయి. నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు లేచి దిగినట్టే, పెట్రోలును బట్టి ఈ బెండు లేస్తుంది, దిగుతుంది. కమ్మీ రెండో చివర ఒక చిన్న పట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది. దాన్నిబట్టి కరెంటుకు అడ్డు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ తేడానే మీటరులో ముల్లు చూపిస్తుంది. పంపు మార్చేటప్పుడు వీటన్నిటినీ కదిలించక తప్పదు. పొరపాట్లు దొర్లేది అక్కడే.

లోపం ఎక్కడ ఉండవచ్చు?

1. కప్లర్ పూర్తిగా బిగియకపోవడం, పిన్నులకు చిలుము పట్టడం, ఎర్త్ వైరు వదులు కావడం. ముందుగా చూడవలసింది ఇదే. ట్యాంకు విప్పకుండానే సరిచేయవచ్చు.

2. అసెంబ్లీని తిప్పి బిగించడం, లేదా కమ్మీ వంగడం. అప్పుడు బెండు ట్యాంకు గోడకో, లోపలి పైపుకో తగులుకుంటుంది. ముల్లు సగంలోనో, ఒక చివరనో నిలిచిపోతుంది. మూత మీద బాణం గుర్తు ఉంటే దాని ప్రకారమే బిగించాలి.

3. బెండుకు చిల్లుపడి పెట్రోలు చేరడం. అది మునిగిపోతుంది కనుక ట్యాంకు నిండా ఉన్నా ముల్లు ఖాళీ చూపిస్తుంది.

4. వేరే మోడల్ అసెంబ్లీ వేయడం. పంపు బాగానే నడుస్తుంది కానీ కొలత కలవదు. ఒక్కోసారి ముల్లు తారుమారుగా కూడా తిరుగుతుంది.

5. పాత పట్టీనే కొత్త పంపుకు వేయడం. పట్టీ అరిగిన చోట ముల్లు ఎగిరెగిరి పడుతుంది.

బిగించకముందే పరీక్ష

అసెంబ్లీ బయట ఉన్నప్పుడే, ట్యాంకుకు దూరంగా, ఆరిన తర్వాత మల్టీమీటరు పెట్టించండి. బెండును చేత్తో కింది నుంచి పైకి మెల్లగా లేపితే అంకె తెగకుండా, క్రమంగా మారాలి. మధ్యలో తెగితే ఆ పట్టీ పనికిరాదు. కొన్ని కార్లలో వెనక సీటు కింద మూత తీస్తే అసెంబ్లీ అందుతుంది, కొన్నిటిలో ట్యాంకే దించాలి. ఇప్పుడు చూడకపోతే రెండోసారి కూలి తప్పదు.

బిగించాక ఐదు లీటర్లు పోసి, తాళం తిప్పి రెండు నిమిషాలు ఆగి చూడండి. ముల్లు లేచిందని కళ్లారా చూశాకే కూలి ఇవ్వండి. తీసిన పాత సామాను అడిగి తీసుకోండి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

ట్యాంకు విప్పే పని తెలిసిన మెకానిక్ చేతనే, ఆరుబయటే చేయించాలి. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించాలి. దగ్గర్లో బీడీ, పొయ్యి, వెలిగే బల్బు ఉండకూడదు. పెట్రోలును నోటితో పీల్చి తీయకూడదు. ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకోవాలి.

ముల్లు బాగయ్యేదాకా

ఒకసారి ట్యాంకు నింపించి కిలోమీటర్ల అంకె రాసుకోండి. ఉదాహరణకు 150 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ నింపితే 10 లీటర్లు పట్టిందనుకోండి, లీటరుకు 15 కిలోమీటర్లు వస్తున్నట్టు. ఆ లెక్కతో ట్యాంకులో పావు వంతు మిగిలి ఉండగానే పోయించండి. ట్యాంకులోని పంపుకు చల్లదనం ఇచ్చేది పెట్రోలే. అడుగంటా తిప్పితే పంపు వేడెక్కి త్వరగా పాడవుతుంది. పనిచేయని ముల్లును నమ్ముకుంటే, మొన్న వేయించిన కొత్త పంపునే మళ్లీ మార్చాల్సి రావచ్చు.