సర్వరు - థిన్ క్లయింటు : ప్రాసెసరుల పొత్తు

సర్వరునందు ఒక జాతి ప్రాసెసరును, దాని నాశ్రయించు థిన్ క్లయింటునందు వేఱొక జాతి ప్రాసెసరును ఉన్నచో రెండింటికిని పొత్తు కుదురునా? పాతయంత్రములను పాఱవేయుటయో నిలుపుకొనుటయో ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపై నాధారపడి యుండును. కావున దీనిని కొంత విమర్శింతము.

ప్రతి ప్రాసెసరు జాతికిని తనదైన యాజ్ఞాభాష కలదు. ఒక జాతికై సిద్ధపఱచిన ప్రోగ్రామును వేఱొక జాతి నడపజాలదు. అయినను ప్రోగ్రాము ఏ యంత్రమున నడచునో ఆ యంత్రపు భాషయే దానికి ప్రమాణము. ఫలితము కనబడు యంత్రపు భాషతో దానికి పని లేదు. 1984లో ఎం.ఐ.టి.యందు పుట్టిన ఎక్స్ విండో పద్ధతి ఇందుకు నిదర్శనము. ప్రోగ్రాము సర్వరున నడచును. తెరపై నేమి గీయవలెనో తెలుపు సందేశములు మాత్రమే క్లయింటునకు చేరును.

ఆ సందేశములందలి సంఖ్యలను కొన్ని ప్రాసెసరులు పెద్దస్థానము మొదలుగను, కొన్ని చిన్నస్థానము మొదలుగను ఉంచును. శాసనములలో శకవర్షములను తెలుపు పదసంఖ్యల నెఱిగినవారి కిది క్రొత్త గాదు. 'నేత్ర, వేద' యన్నచో 24 గాదు, 42. క్రమము తెలియనిచో కాలనిర్ణయమే తప్పును. కావుననే 1987నాటి ఎక్స్ 11 నియమావళిలో ప్రోగ్రాము పంపు మొదటి బైటే క్రమమును చాటును: ఆంగ్లపు పెద్ద 'బి' యైనచో పెద్దస్థానము ముందు, చిన్న 'ఎల్' యైనచో చిన్నస్థానము ముందు. ఇట్లు భిన్నజాతులకును పొత్తు కుదురుచున్నది.

అసలు చిక్కు క్లయింటు ప్రారంభమగునప్పుడు కలుగును. డిస్కు లేని క్లయింటు తన కెర్నెలును నెట్‌వర్కు ద్వారా సర్వరునుండి తెచ్చుకొనును. కాని యది నడచునది క్లయింటు ప్రాసెసరుపైననే. 64 బిట్ల సర్వరు తన కెర్నెలునే యిచ్చినచో 32 బిట్ల క్లయింటున నది నడువదు. 1999లో ఆరంభమైన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు పూర్వపద్ధతిలో, క్లయింటు జాతికి తగిన వ్యవస్థను సర్వరునందే ప్రత్యేక డైరెక్టరీలో నిర్మించెడివారు. 2019లో తిరుగ వ్రాసిన రూపమున సర్వరు తన వ్యవస్థనే క్లయింటుల కొసగుట సులభమార్గ మైనది. ప్రోగ్రాములును అక్కడనే నడచును గనుక ఈ మార్గమున క్లయింటు ప్రాసెసరు సర్వరు వ్యవస్థను నడపగలదిగా నుండితీరవలెను. పైగా 2025లో వెలువడిన డెబియన్ 13 ఇంటెల్ వంశపు 32 బిట్ల యంత్రములకు కెర్నెలు నొసగుట మానినది.

కావున 'రెండు ప్రాసెసరులు నొక్కటియేనా?' యని గాక, 'ఏ ప్రోగ్రాము ఎక్కడ నడచును?' అని మొదట అడుగవలెను. పాతయంత్రము పనికివచ్చునో రాదో దానివలననే తేలును.