ఎడారే గోడ

ఇంజనీరింగ్ హాస్టల్లో కౌంటర్ స్ట్రైక్ ఆడనివాళ్ళు మనలో తక్కువే అనుకుంటాను. గదుల మధ్య ల్యాన్ కేబుళ్ళు లాగి, పొద్దున్నే ఇంటర్నల్ పరీక్ష ఉన్నా రాత్రి రెండింటిదాకా ఆడిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ ఆటకి అడుగున ఉన్నది గోల్డ్‌సోర్స్ అనే ఇంజన్. దాన్ని వాల్వ్ కంపెనీ 1998లో హాఫ్ లైఫ్ కోసం తయారు చేసుకుంది. హాఫ్ లైఫ్ అచ్చమైన సైన్స్ ఫిక్షన్. న్యూ మెక్సికో ఎడారిలో ఒక రహస్య పరిశోధనా కేంద్రం, అందులో వికటించిన ప్రయోగం. అక్కణ్ణుంచి ప్రాణాలతో బయటపడాలి.

ఇదే ఇంజన్ మీద 2004లో ఆస్ట్రేలియాలో ఇంకో ఎడారి ఆట వచ్చింది. పేరు ‘ఎస్కేప్ ఫ్రమ్ వూమెరా’. ఇందులో గ్రహాంతరవాసులు లేరు, చేతిలో తుపాకీ ఉండదు. మనం ఇరాన్ నుంచి వచ్చిన ముస్తఫా అనే శరణార్థిగా ఆడతాం. ప్రాణశక్తికి బదులు ‘ఆశ’ని కొలుస్తారు. అది అడుగంటితే ఆట అయిపోయినట్టే.

వూమెరా మాత్రం కల్పన కాదు. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో 1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి రాకెట్ పరీక్షల కోసం కట్టుకున్న ఊరు. ఆదివాసులు ఈటెను బలంగా విసరడానికి వాడే కర్ర పేరే దానికి పెట్టారు. ఆస్ట్రేలియా మొదటి ఉపగ్రహం 1967లో ఇక్కణ్ణుంచే ఎగిరింది. ఆ ఊరి పక్కనే 1999 నవంబరులో శరణార్థుల నిర్బంధ శిబిరం తెరిచారు. పడవల మీద వచ్చిన అఫ్ఘన్లు, ఇరాకీలు, ఇరానీయులు అందులో ఎక్కువ. 400 మందికని మొదలుపెట్టినచోట 2000లో ఒక దశలో 1,400 మంది దాకా ఉన్నారు. వాళ్ళలో చిన్నపిల్లలూ ఉన్నారు. 2002 జనవరిలో నిరాహార దీక్షలు చేశారు, కొందరు పెదవులు కుట్టేసుకున్నారు. శిబిరం 2003 ఏప్రిల్లో మూతపడింది.

అడిలైడ్‌కి వచ్చిన కొత్తలో మిత్రులతో కలిసి కూబర్ పీడీకి కారులో వెళ్ళాను. అనంతపురం ఎండలు చూసినవాణ్ణి కదా, ఎడారి నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. పోర్ట్ అగస్టా దాటాక ఆ ధీమా సన్నగిల్లింది. అనంతపురంలో ఎంత ఎండాకాలమైనా నాలుగు మైళ్ళకో ఊరు, ఊరికో వేపచెట్టు ఉంటాయి. ఇక్కడ ఎర్రమట్టి, ఉప్పు చెరువులు, మధ్యలో రోడ్డు. ‘పింబా’ అనే చోట పెట్రోల్ బంకు దగ్గర ఆగితే వూమెరాకి వెళ్ళే దారి కనిపించింది. శిబిరం సంగతి అప్పటికి నాకు తెలియదు. టీ తాగి ముందుకెళ్ళిపోయాం.

కూబర్ పీడీలో మాత్రం ఫోటోలు తెగ దిగాం. 1985 నాటి మ్యాడ్ మ్యాక్స్ మూడో భాగం, 2000లో వచ్చిన పిచ్ బ్లాక్, రెడ్ ప్లానెట్ సినిమాల షూటింగులు ఆ చుట్టుపక్కల జరిగాయి. పిచ్ బ్లాక్‌లో వాడిన అంతరిక్ష నౌక ఇంకా వీధిలోనే ఉంది. ప్రేక్షకులు ఈ నేలని మనుషుల్లేని పరాయి గ్రహంగా చూస్తున్న ఆ 2000లోనే, కారులో నాలుగు గంటల దూరంలో అన్ని వందలమంది ముళ్ళకంచె వెనక ఉన్నారని ఇంటికొచ్చాక చదివితే తెలిసింది.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన చిన్న విషయం చెప్పాలి. గోల్డ్‌సోర్స్‌లో మ్యాప్ కట్టినవాళ్ళకు తెలుసు, ఆ ప్రపంచం అన్ని వైపులా మూసి ఉండాలి. ఎక్కడైనా సందు మిగిలితే కంపైలర్ ‘లీక్’ అంటుంది. మ్యాప్ మొత్తం కలిపి అటూ ఇటూ రెండు వందల మీటర్లు. దూరంగా కనిపించే ఎడారి, ఆకాశం అంతా స్కైబాక్స్, అంటే పెట్టె లోపలి గోడలకు అతికించిన బొమ్మ. విశాలంగా కనిపిస్తుంది గానీ అటు పోలేం.

వూమెరాలో జరిగింది దీనికి తిరగేసిన పని. అక్కడ బొమ్మ కాదు, నిజంగానే విశాలమైన నేల. దాన్నే గోడగా వాడుకున్నారు. 2000 జూన్‌లో సుమారు 500 మంది కంచె తోసుకుని బయటికొచ్చారు. నడిచి వెళ్ళగలిగింది పక్కనున్న వూమెరా ఊరిదాకానే. 2002 ఈస్టర్‌కి దాదాపు 50 మంది తప్పించుకుంటే చాలామందిని మళ్ళీ పట్టుకున్నారు. ఆ గోడ రెండువైపులా పనిచేసింది. లోపలివాళ్ళు బయటికి పోలేరు, అడిలైడ్‌లో ఉన్నవాళ్ళకు లోపలివాళ్ళు కనబడరు. విలేకరులకు ప్రవేశం దాదాపు లేదు. అందుకే ఆట తయారుచేసినవాళ్ళు అక్కడ ఉండి వచ్చినవాళ్ళను అడిగి, దొరికిన ఫోటోలు చూసి ఆ శిబిరాన్ని మళ్ళీ కట్టారు. దీనికి ప్రభుత్వ కళాసంస్థ ఆస్ట్రేలియా కౌన్సిల్ 25,000 డాలర్లు ఇస్తే, 2003లో అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి ఫిలిప్ రడ్డాక్ బహిరంగంగానే తప్పుపట్టారు. చివరికి బయటికొచ్చింది నమూనా మాత్రమే, పూర్తి ఆట రాలేదు.

అసలు ఆ ఎడారి ఎన్నడూ ఖాళీగా లేదు. అది కొకథా ప్రజల నేల. రాకెట్ల కోసం ‘నిషిద్ధ ప్రాంతం’గా గీసిన భూమి ఇప్పటికీ తెలంగాణ కంటే పెద్దది. 2020 డిసెంబరులో జపాన్ హయబుసా-2 నౌక పంపిన క్యాప్స్యూల్ అక్కడే దిగింది. నలభై సెంటీమీటర్ల వస్తువుని హెలికాప్టర్లతో వెతికి కొన్ని గంటల్లోనే కనిపెట్టారు. కావాలనుకుంటే ఆ ఎడారిలో ఏదైనా కనబడుతుందన్నమాట.

వూమెరాలో మనుషుల్ని పేర్లతో కాక నంబర్లతో పిలిచేవారు. నా పీఆర్ ఫైలుకీ ఒక నంబరుండేది. రోజూ లాగిన్ అయి స్టేటస్ చూసుకుని విసుక్కునేవాణ్ణి. నా నంబరు వెనక డిగ్రీ, ఉద్యోగం, తిరిగి వెళ్ళడానికి ఒక ఇల్లు ఉన్నాయి. మా ఇద్దరి నంబర్లూ ఇచ్చింది ఒకే దేశపు ఇమిగ్రేషన్ శాఖ.

ఈసారి అటు వెళితే పింబా దగ్గర టీ తాగి ముందుకెళ్ళిపోను. ఆ దారిలో తిరుగుతాను.