రంగం ఓడకు పట్టిన పుచ్చు

మా ఇంట్లో ఒక ఓడ ఉంది. జానెడుకి కాస్త తక్కువ. నల్లటి పొట్ట, తెల్లటి అంతస్తులు, మూడు ఎర్ర పొగగొట్టాలు. అడుగున ఉన్న అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. రంగంలో పనిచేసి 1939లో ఇంటికొచ్చిన మా ముత్తాతగారు తెచ్చిన వస్తువుల్లో మిగిలింది ఇదొక్కటే. భోషాణంలో పట్టుబట్టల పక్కన దాచేవారు. కిందటి ముసుర్లలో తాతయ్యగారు దాన్ని బయటికి తీస్తే ముక్కు విరిగి చేతిలోకొచ్చింది. విరిగినచోట లోహం మెరుపు లేదు. బూడిదరంగులో, పాతగోడ సున్నంలాగ పొడిపొడిగా ఉంది.

"ఇనుము కాదు గదరా, తుప్పెలా పట్టింది?" అన్నారు తాతయ్యగారు. నా బాధ వేరు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, నాన్నమ్మ ఇత్తడి బిందెలు తోముతుంటే చూసి, ఈ ఓడకి కూడా చింతపండు పెట్టి తోమింది నేనే. అయితే నావల్లే పోయిందా? దానికి జవాబు వెతుక్కుంటూ తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

రంగం అంటే రంగూన్. మన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు ఉప్పెన దాన్ని దెబ్బతీసింది. తరువాతి కాలంలో కాకినాడ నుంచి పొగఓడల మీద మనవాళ్లు వేలాదిగా బర్మా వెళ్లి రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చారు. ఊరేదైనా సరే, అక్కడ తెలుగు కూలీలకి 'కోరంగీలు' అనే పేరు స్థిరపడింది. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీల మీద అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక ఎందరో కాలినడకన తిరుగుముఖం పట్టారు. మా ముత్తాతగారు ఆ ఓడల్లో డెక్కు మీద చాప పరుచుకుని ప్రయాణం చేసినవారు. క్యాబిన్లున్న ఓడని బొమ్మగానైనా ఇంటికి తేవాలనిపించిందేమో!

ఆ రోజులు పెద్ద ప్రయాణికుల ఓడల రోజులు. 'క్వీన్ మేరీ' అనే ఓడ పొడవు 1019 అడుగులు. 1934లో నీళ్లలోకి దించారు, 1936లో తొలి ప్రయాణం చేసింది. అదే 1934లో లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 'డింకీ టాయ్స్' పేరుతో పేరుమోసిన ఓడల బొమ్మలు అమ్మసాగింది. అసలు ఓడని 1800 వంతులు చేస్తే ఒక వంతు బొమ్మ. ఆ లెక్కన క్వీన్ మేరీ సుమారు 17 సెంటీమీటర్లు.

ఇటువంటి బొమ్మల్ని 'డై కాస్టింగ్' పద్ధతిలో చేస్తారు. కరిగిన లోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపితే క్షణాల్లో గడ్డకడుతుంది. అచ్చు విప్పితే ఓడ తయారు. దీనికి జింకు అనువైనది, ఎందుకంటే 420 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే కరుగుతుంది, అచ్చు పాడవదు. దానిలో 4 శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, రాగి కలిపిన మిశ్రమం 'జమాక్'. దీన్ని 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ రూపొందించింది.

ఇక జబ్బు సంగతి. లోహం గడ్డకట్టేటప్పుడు లోపల సన్నని గింజలుగా ఏర్పడుతుంది. మన వరిచేలనే ఊహించుకోండి. గింజలు మళ్లు అనుకుంటే వాటి మధ్య హద్దులు గట్లు. జింకులో సీసం కలిసి ఉంటే అది ఘనస్థితిలో ఇమడలేక, ఆఖరున గట్ల మీదకి చేరుతుంది. గాలిలోని తేమ ఆ గట్ల వెంటే లోపలికి తినుకుంటూ పోతుంది. ఎలుక బొక్క పడ్డ గట్టు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల నీరు దారి చేసుకుంటుంది చూడండి, అలాగన్నమాట. పైగా అక్కడ పుట్టే పదార్థాలకి జింకుకన్నా ఎక్కువ చోటు కావాలి. దాంతో బొమ్మ ఉబ్బుతుంది, బీటలిస్తుంది, చివరికి పొడి అవుతుంది. దీన్నే 'జింక్ పెస్ట్' అంటారు. పెస్ట్ అన్నారు గాని పురుగూ లేదు, అంటూ లేదు.

ఎంత సీసం ఉంటే ప్రమాదం? సుమారు 0.005 శాతం దాటకూడదు. అంటే వెయ్యికిలోల లోహంలో 50 గ్రాములు! తగరం, కాడ్మియం కూడా ఇలాంటివే. సీసం బొమ్మలు కూడా పోసే కార్ఖానాల్లో తుక్కు కాస్త కలిస్తే చాలు. అందుకే జింకు 99.99 శాతం శుద్ధంగా ఉండాలి. 1977లో మొదలై 2012లో మూతపడ్డ విశాఖ జింకు ఫ్యాక్టరీలో, మనం క్లాసులో చదివే విద్యుద్విశ్లేషణతోనే జింకు తీసేవారు.

మరి నా చింతపండు మాటేమిటి? అందులోని ఆమ్లం జింకుతో చర్య జరిపి హైడ్రోజను విడుదల చేస్తుంది. అది పైపొరని తిన్నది, రంగుని లేపింది. రంగు పోయినచోట తేమకి దారి సులువైంది. ఆ మేరకి తప్పు నాదే. కాని లోపలి జబ్బు ఓడ పుట్టినప్పుడే దానితో పుట్టింది.

దీనికి మందు లేదు. అంటించినా, రంగేసినా లోపలి పని ఆగదు. నెమ్మదింపచేయడమే మన చేతిలో ఉంది. మీ ఇళ్లలో ఇలాంటి పాతబొమ్మ ఉంటే పొడిగా, వేడి తగలని చోట పెట్టండి. ఉప్పు, చింతపండు, నిమ్మకాయ దగ్గరికి రానివ్వకండి. పైన తెల్లటి పొడి మాత్రమే ఉంటే భయం లేదు, మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. సాలెగూడు లాంటి బీటలు, వంకర, ఉబ్బు కనిపిస్తేనే పుచ్చని అర్థం. పాత రంగుల్లో సీసం ఉండేది, పసిపిల్లల నోటికి అందనివ్వకండి.

ఇదంతా తాతయ్యగారికి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే ఇప్పుడే ఫోటో తీయించు" అన్నారు. తీయించాం. కొలతలు నోటుబుక్కులో రాసిపెట్టాను. ఓడ ఇప్పుడు భోషాణంలో లేదు; మూత బిగుతుగా ఉన్న గాజుసీసాలో, సిలికాజెల్ పొట్లాల మధ్య, ముక్కు పక్కనే పెట్టుకుని ఉంది.