ఖర్చు కొంచెం.. కబురు వేల మైళ్లు

* హామ్ రేడియోకు చెవులే తొలి పెట్టుబడి
* లైసెన్సు వచ్చాకే సెట్టు

చెన్నై: చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఇంకా రేడియోతో పనేంటి అనుకుంటున్నారా? 2004 డిసెంబరు 26న ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. సునామీ దెబ్బకు అండమాన్‌లో ఫోన్లు మూగబోయాయి. హామ్ రేడియో కార్యక్రమం కోసం పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీవిజయపురం) వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం తమ సెట్లతోనే అక్కడి కబుర్లు బయటికి చేరవేసింది. వారిది హైదరాబాద్‌లో 1983లో ఏర్పాటైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. సరదాగా నేర్చిన విద్యే ఆపదలో అక్కరకొచ్చింది. మరి ఇది డబ్బున్నోళ్లకే సాధ్యమా? కాదంటోంది చరిత్ర.

మద్రాసులోనే మొదలు
సి.వి.కృష్ణస్వామి చెట్టి చొరవతో 1924లోనే మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టింది. అప్పటికి ఆకాశవాణి పుట్టనేలేదు. డబ్బు చాలక 1927లో క్లబ్ ఆగిపోయింది. దాని ట్రాన్స్‌మిటర్ మద్రాసు కార్పొరేషన్ చేతికొచ్చి, 1930లో మళ్లీ పలికింది.

ముందు వినండి
సెట్టు కొనడానికి తొందరపడొద్దు. వివిధ దేశాల్లో హామ్‌లు ఇంటర్నెట్‌కు కలిపి ఉంచిన రిసీవర్లను ఫోన్లోనే ఉచితంగా వినొచ్చు. పిలుపు ఎలా ఇస్తారు, కాల్‌సైన్ ఎలా చెబుతారు.. అన్నీ చెవిన పడతాయి. నెల రోజులు వింటే సగం భయం పోతుంది.

పరీక్ష తప్పదు
పన్నెండేళ్లు నిండినవారు ఎవరైనా పరీక్ష రాయొచ్చు. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రేడియో నిబంధనలపై ప్రశ్నలుంటాయి. మోర్స్ కోడ్ రాకపోయినా రెస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకు అర్హులే. ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోవడమూ నేరమే. చౌకగా వస్తోందని వాకీటాకీ కొని చిక్కుల్లో పడొద్దు.

కుళాయి వాషరే ఆధారం
సెట్టు సొంతంగానూ కట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ‘లామకాన్’ వ్యవస్థాపకుల్లో ఒకరైన అషర్ ఫర్హాన్ ఇందుకోసమే ‘బిట్‌ఎక్స్’ రూపొందించారు. ఖరీదైన విదేశీ భాగాల బదులు కుళాయి వాషర్ల మీదే తీగ చుట్టేలా దాని తొలి డిజైన్ ఉంటుంది. సర్క్యూట్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. దేశదేశాల హామ్‌లు కట్టుకున్నారు. మనకైతే విడిభాగాల వేటకు రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది.

యాంటెన్నా ఇంకా సులువు. 468ని మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే పొడవు అడుగుల్లో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు సుమారు 66 అడుగులు. రాగి తీగను సరిగ్గా మధ్యకు కోసి, అక్కడ కేబుల్ కలిపి మేడపైన కట్టాలి. కరెంటు తీగలకు దూరంగా ఉండాలి సుమా! ఉరుములొస్తే కేబుల్ ఊడదీయాలి.

2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో సెల్‌ఫోన్లు పనిచేయక అయినవాళ్ల కబురు తెలియని రోజులు మనం మరిచిపోలేదు. అలాంటి రోజు మళ్లీ వస్తే వీధిలో ఒక్క మేడపైనైనా ఆ తీగ ఉండాలి. అది మీ మేడే ఎందుకు కాకూడదు?